నీలమూ పసుపూ కలిస్తే ఏ రంగు?

కంప్యూటర్ మీద బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ ఒకటి తెరిచి, తెర మీద నిండు నీలం పరిచి, దాని మీద నిండు పసుపును సగం పారదర్శకంగా పరిస్తే, చాలా సాఫ్ట్‌వేర్లలో వచ్చేది ఆకుపచ్చ కాదు. బూడిద రంగు. నీటిరంగుల పెట్టె చేతబట్టిన ఏ బడిపిల్లనడిగినా నీలమూ పసుపూ కలిస్తే ఆకుపచ్చ అంటుంది. మరి యంత్రానిది తప్పా, పిల్లది తప్పా? ఎవరిదీ కాదు. పిల్ల కలుపుతున్నది పదార్థాలను. యంత్రం కలుపుతున్నది వెలుతురుకు గుర్తుగా నిలబెట్టిన అంకెలను. ఈ రెండు కలపడాల మధ్య మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

సాహిత్య పత్రికలో ఈ చర్చ దేనికని పాఠకులు అడగవచ్చు. మొదటి కారణం చాలా మామూలుది. ఈనాడు మన పుస్తకాల ముఖచిత్రాలు, సభల పోస్టర్లు, సినిమాలు, పిల్లల బొమ్మల పుస్తకాలు దాదాపు అన్నీ ఈ సాఫ్ట్‌వేర్లలోనుంచే వస్తున్నాయి. తెర మీద మెరిసిన ఆకుపచ్చ అచ్చులో మాసిపోవడం పుస్తకం వేసుకున్న ప్రతి రచయితకూ తెలిసిన అనుభవమే. రెండో కారణం ఇంతకంటే లోతైనది. రంగు వస్తువుకు అంటిపెట్టుకున్న గుణమనీ, అది ఎప్పుడూ ఎక్కడా ఒకటేననీ మనం రాతలో తెలియకుండానే ఒప్పుకుంటూ ఉంటాం. 'ఒంటి రంగు' అని ఒక మాట రాసి ముందుకు వెళ్లిపోతాం. ఏ వెలుతురులో, ఏ ఒంటి రంగు, ఎవరు చూస్తే అనే ప్రశ్నలు మనకు రావు.

రంగు వస్తువులో దాగి ఉండే గుణం కాదు. అలాగని కంటిలో పుట్టే భ్రమా కాదు. వెలుతురు, పదార్థం, చూపు అనే మూడింటి మధ్య ఏర్పడే సంబంధం అది. కంప్యూటర్ చిత్రలేఖనం తొలిరోజుల్లో ఈ మూడింటిలో పదార్థాన్ని వదిలేసింది. మిగిలిన రెండింటినీ, అంటే వెలుతురునూ చూపునూ, ఎప్పుడో ఎక్కడో కొందరు కొలిచిపెట్టిన ప్రమాణాలకు కట్టేసింది. ఆ తర్వాతి యాభై ఏళ్ల చరిత్ర, వదిలేసినదాన్ని ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చుకున్న చరిత్ర. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది అదే.

1. భాషలో మిగిలిన పదార్థం

ముందు మన భాషనే చూద్దాం. తెలుగులో పసుపు అంటే రంగు పేరు కాకముందు దుంప పేరు. నీలి అంటే చెట్టు. బూడిద, ఇటుక, గోధుమ, వంకాయ, నేరేడు, చిలక, ఇవన్నీ రంగులకు పేర్లైన వస్తువులే. రంగును విడిగా ఊహించడానికి ముందు మనిషి దాన్ని పదార్థంగానే ఎరుగునని ఈ మాటలు సాక్ష్యం చెబుతున్నాయి. పదార్థం మారితే రంగు మారుతుందనీ మన ఇళ్లలో తెలుసు. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుంది. ఆ ఎరుపు పసుపులోనూ లేదు, సున్నంలోనూ లేదు. రెండూ కలిసిన చోట పుట్టింది.

ఇక 'చాయ' అనే మాట ఇంకా విచిత్రం. నీడ అని అర్థం, రంగు అని అర్థం, ఒంటి వన్నె అనీ అర్థం. చామనచాయ అన్నప్పుడు మనం వాడుతున్న మాటలోనే వెలుతురూ నీడా ఒంటి రంగూ ముడిపడి ఉన్నాయి. కంప్యూటర్‌లో ఒక రంగును ఆరు అక్షరాల సంకేతంతో గుర్తిస్తారు. ఆ సంకేతంలో దుంప లేదు, చెట్టు లేదు, నీడ లేదు. ఇది నష్టమేనని వెంటనే అనేయనక్కరలేదు. పదార్థాన్నుంచి విడదీసి ఆలోచించడం వల్లనే విజ్ఞానం పెరిగింది. అయితే విడదీసినది ఏమిటో మరిచిపోవడం వేరే సంగతి.

పదార్థంతో రంగును పుట్టించే జ్ఞానం ఎంత సూక్ష్మమైనదో చెప్పడానికి మన కలంకారీ కంటే మంచి ఉదాహరణ దొరకదు. కలంకారీ పనివాడు కలంతో బట్ట మీద ఎర్రరంగు వేయడు. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద పటిక నీళ్లతో గీస్తాడు. పటిక నీళ్లకు చెప్పుకోదగ్గ రంగు లేదు. ఆ బట్టను చిరివేరుతో ఉడకబెట్టినప్పుడు పటిక సోకినచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట్ల అంటిన రంగు ఉతుకులోనూ ఎండలోనూ పోతుంది. నలుపు కూడా అంతే. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి తీసిన ద్రవం కరక్కాయ పట్టిన బట్టను తాకగానే నల్లబడుతుంది. అంటే కలంకారీ పనివాడు వేసేది రంగును కాదు, రంగు పుట్టే పరిస్థితిని. ఈ మాట గుర్తుంచుకోవాలి. వ్యాసం చివరి భాగంలో, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ దగ్గర, మళ్లీ దీనితో పని ఉంది.

ఈ పనితనం ఐరోపాను ఎంత ఆకర్షించిందో అందరికీ తెలిసిందే. 1742లో కోరమాండల్ తీరంనుంచి కూర్డూ అనే ఫ్రెంచి జెస్యూట్ పాదరీ ఫ్రాన్సుకు రాసిన ఉత్తరంలో ఈ అద్దకం పద్ధతినంతా దశలవారీగా వివరించాడు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూర్చినవాడు కూడా ఆయనే. తన దగ్గర మతం పుచ్చుకున్న అద్దకం పనివాళ్లను అడిగి ఆయన ఈ వివరాలు రాబట్టాడు. పద్ధతి రాసిన పాదరీ పేరు చరిత్రలో నిలిచింది. చెప్పిన పనివాళ్ల పేర్లు నిలవలేదు. ఆ తర్వాత 1868లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు గ్రేబె, లీబర్మన్ అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. చిరివేరు ఎరుపుకు మూలమైన పదార్థం కూడా అలిజరినే. మరుసటి ఏడే దాన్ని పెద్ద ఎత్తున తయారుచేసే పద్ధతులకు పేటెంట్లు తీసుకున్నారు. వేరు తవ్వి బతికినవాడి పని ఫ్యాక్టరీ చేతికి పోవడం అక్కడ మొదలైంది.

2. రెండు కలపడాలు

అద్దకం పనివాళ్లు పదార్థాలు కలుపుతున్న కాలంలోనే శాస్త్రజ్ఞులు వెలుతురును విడదీయడం మొదలుపెట్టారు. న్యూటన్ 1704లో అచ్చువేసిన కాంతిశాస్త్ర గ్రంథంలో తెల్లటి వెలుతురు అనేక కిరణాల కలయిక అని నిరూపించాడు. అంతకంటే గొప్ప మాట మరొకటి అన్నాడు: కిరణాలకే రంగు లేదని, మనలో ఫలానా రంగు అనుభవాన్ని కలిగించే శక్తి మాత్రమే వాటికి ఉందని. కానీ రంగుల పొడులు కలిపినా కిరణాలు కలిపినా ఒకటేనన్న అయోమయం ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది.

ఆ ముడి విప్పినవాడు హెల్మ్‌హోల్ట్జ్. 1852లో ఆయన రెండు కలపడాలూ వేరని స్పష్టం చేశాడు. నీలి వెలుతురునూ పసుపు వెలుతురునూ ఒకే చోట పడేస్తే కంటికి రెండూ కలిసి అందుతాయి కాబట్టి తెలుపు కనిపిస్తుంది. పొడులు కలిపినప్పుడు జరిగేది కూడిక కాదు, తీసివేత. నీలం పొడి ఎరుపు, పసుపు కిరణాలను మింగేసి నీలాన్నీ కొంత ఆకుపచ్చనూ బయటికి పంపుతుంది. పసుపు పొడి నీలాన్ని మింగేసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చలను పంపుతుంది. ఇద్దరి చేతుల్లోనుంచీ తప్పించుకుని బయటపడేది ఆకుపచ్చ ఒక్కటే. బడిపిల్ల చూసిన ఆకుపచ్చ అలా మిగిలిన వెలుతురు. 1861లో మాక్స్‌వెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం గాజుల గుండా తీసిన మూడు ఫోటోలను ఒకే తెర మీద పడేసి ఒక రంగుల రిబ్బను బొమ్మ చూపించాడు. ఈనాటి ప్రతి టీవీ తెరకూ, ప్రతి ఫోను తెరకూ మూలం ఆ ప్రదర్శనే.

చూపు వైపు కథ ఒక ఫ్యాక్టరీ ఫిర్యాదుతో మొదలైంది. పారిస్‌లోని గోబెలాఁ తివాసీల కర్మాగారంలో 1824నుంచి రంగుల విభాగానికి అధిపతిగా ఉన్న షెవ్రెల్ దగ్గరికి ఒక ఫిర్యాదు వచ్చింది: నీలం, ఊదా పక్కన నేసిన నల్లదారం వెలిసినట్టు కనిపిస్తోందని. ఆయన దారాన్ని పరీక్షించి రంగులో లోపం లేదని తేల్చాడు. లోపం పక్క రంగు వల్ల కలిగేదే. ఒక రంగు పక్కన మరొకటి ఉంటే రెండూ మారినట్టు కనిపిస్తాయని ఆయన 1839లో పెద్ద గ్రంథమే రాశాడు. తర్వాతి తరం చిత్రకారులు దాన్ని శ్రద్ధగా చదివారు. వెలుతురు సంగతి మోనే కుంచెతోనే చూపించాడు. 1892నుంచి 1894 దాకా రువాఁ చర్చి ముఖభాగాన్ని ముప్పైకి పైగా బొమ్మల్లో పెట్టాడు. రాయి ఒకటే. పొద్దు మారిన కొద్దీ అది నీలమైంది, బంగారమైంది, బూడిదైంది.

3. 1931: పదిహేడు మంది చూపు

కంప్యూటర్ రంగుల చరిత్రలో కంప్యూటర్ పుట్టకముందే వచ్చిన కీలకమైన సంవత్సరం 1931. ఆ ఏడాది రెండు సంఘటనలు జరిగాయి.

మొదటిది, సి.ఐ.ఇ. అనే అంతర్జాతీయ సంఘం 'ప్రామాణిక ద్రష్ట'ను నిర్ణయించడం. మనిషి కన్ను ఏ కిరణాల కలయికను ఏ రంగుగా గుర్తిస్తుందో అంకెల పట్టికగా పెట్టడమే దాని ఉద్దేశం. ఆ పట్టికకు ఆధారం ఇంగ్లండులో ఇద్దరు చేసిన ప్రయోగాలు. రైట్ పది మంది కళ్లను పరీక్షించాడు, గిల్డ్ ఏడుగురి కళ్లను. మొత్తం పదిహేడు మంది. ఈనాడు ప్రపంచంలో ఏ తెర మీద ఏ రంగు చూపాలన్నా ఆ లెక్క ఎక్కడో ఒకచోట ఈ పదిహేడు మంది చూపు మీద ఆనుకుని ఉంది. అందువల్ల ఆ పట్టిక అబద్ధమనడం తొందరపాటు. అది అద్భుతంగా పనికొచ్చింది. కానీ 'సార్వత్రికం' అనే మాట వెనక ఎప్పుడూ కొందరు నిర్దిష్ట మనుషులు, ఒక నిర్దిష్ట స్థలం ఉంటాయని ఇది గుర్తుచేస్తుంది.

వెలుతురు ప్రమాణం సంగతీ అంతే. తెర మీద 'తెలుపు' అంటే ఏ తెలుపు? ఈనాడు చాలా తెరలకు ప్రమాణమైన తెలుపును డి65 అంటారు. పగటి వెలుతురుకు అది ప్రతినిధి. 1964లో జడ్, మకాడమ్, విషెట్స్కి దాని లెక్క తేల్చారు. అందుకు వాడిన పగటి వెలుతురు కొలతలు 622. అవి తీసిన ఊళ్లు అమెరికాలో రోచెస్టర్, కెనడాలో అటావా, ఇంగ్లండులో ఎన్‌ఫీల్డ్. మూడూ ఉత్తరాది చలిదేశపు ఊళ్లే. ఆ తెలుపులో మన ఎండ లేదు. ఆ కాలంలోనే ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో శాస్త్రి, దాస్ మన ఆకాశపు వెలుతురును కొలిచి 1966లోనూ 1968లోనూ వ్యాసాలు ప్రచురించారు. ఉష్ణమండలపు పగటి వెలుతురుకు విడిగా కొలతలు కావాలన్న ఆలోచన అప్పుడే ఇక్కడ ఉందన్నమాట.

1931లో జరిగిన రెండో సంఘటనను అప్పుడు పట్టించుకున్నది రంగుల పరిశ్రమలవాళ్లే. కుబెల్కా, ముంక్ అనే ఇద్దరు ఒక గోడ రంగు పూతలోకి వెలుతురు దిగి, ఎంత మింగబడుతుందో, ఎంత చెదిరి వెనక్కి వస్తుందో రెండు సమీకరణాలలో పెట్టారు. ప్రతి పొడికీ రెండు లెక్కలు: మింగే గుణం, చెదరగొట్టే గుణం. ఈ రెండూ తెలిస్తే పొడులు కలిపినప్పుడు ఏ రంగు వస్తుందో ముందే చెప్పవచ్చు. అంటే ఒకే ఏడాది చూపు లెక్కా తేలింది, పదార్థం లెక్కా తేలింది. కంప్యూటర్ మొదటిదాన్ని వెంటనే అందిపుచ్చుకుంది. రెండోదాన్ని చిత్రలేఖనంలోకి తెచ్చుకోవడానికి ఆరు దశాబ్దాలు పట్టింది.

4. అంకెల కుంచె

1973లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో, రిచర్డ్ షూప్ 'సూపర్‌పెయింట్' అనే పరికరాన్ని తయారుచేశాడు. తెర మీది ప్రతి చుక్కకూ ఒక అంకెను జ్ఞాపకం ఉంచుకుని, పలకతో కలంతో రంగులు వేయనిచ్చే తొలి వ్యవస్థల్లో అది ముఖ్యమైనది. మూడు లక్షలకు పైగా చుక్కలు. ఒక్కొక్క చుక్కకు 256 రంగుల్లో ఒకటి. అప్పటి లెక్కలో అంత జ్ఞాపకశక్తి అంటే చాలా ఖరీదు. ఇక్కడ పదార్థం గురించి ఆలోచించే వెసులుబాటే లేదు. తెర టీవీది. టీవీకి తెలిసినవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుతుర్లే. కాబట్టి రంగు అంటే మూడు అంకెలు. ఇది ఎవరి కుట్రా కాదు. ఉన్న సాధనం ఆలోచనకు గీసిన గిరి.

1974లో అక్కడికి వచ్చిన ఆల్వీ రే స్మిత్‌కు చిత్రకారుడి చేయి తెలుసు. ఎరుపు ఇంత, ఆకుపచ్చ ఇంత, నీలం ఇంత అని చెప్పమంటే ఏ చిత్రకారుడికీ చేతకాదని ఆయన గ్రహించాడు. ఏ వన్నె, ఎంత గాఢం, ఎంత వెలుగు అనే మూడు ప్రశ్నలుగా దాన్ని మార్చాడు. 1978లో ప్రచురించిన ఆ పద్ధతి ఈనాటికీ ప్రతి సాఫ్ట్‌వేర్‌లో రంగుల చక్రంగా కనిపిస్తుంది. ఈలోగా రంగుల మీద పని తమకు అక్కర్లేదని, కార్యాలయాలకు నలుపు తెలుపు చాలని కంపెనీ నిర్ణయించింది. స్మిత్ 1975లో అక్కడినుంచి బయటికి రావలసివచ్చింది. ఏ పరిశోధన బతకాలో మార్కెట్ తేల్చడం కొత్త సంగతి కాదు.

స్మిత్ మార్చింది ప్రశ్నను మాత్రమే. లోపల ఉన్నవి ఆ మూడు అంకెలే. పైగా ఆ అంకెలు కూడా నేరుగా వెలుతురు కొలతలు కావు. 1996లో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించి, 1999లో అంతర్జాతీయ ప్రమాణమైన పద్ధతిలో 0 నుంచి 255 దాకా అంకెలున్నాయి. నడుమనున్న 128 సగం వెలుతురు అని మనం అనుకుంటాం. నిజానికి అది నిండు వెలుతురులో సుమారు 22 శాతమే. కన్ను చీకట్లో తేడాలను ఎక్కువగా పట్టుకుంటుంది కనుక అంకెలను అలా పంచారు. కానీ సాఫ్ట్‌వేర్ ఈ సంగతి మరిచి అంకెలకు అంకెలనే కలిపి సగం చేస్తే, ఎరుపూ ఆకుపచ్చా కలిసిన చోట పసుపు రావడానికి బదులు మురికి గోధుమ రంగు మచ్చ వస్తుంది. వ్యాసం మొదట్లో చెప్పిన నీలం, పసుపు కూడా ఇలాగే అంకెల సగటుగా బూడిద అయ్యాయి. అది పదార్థాల కలయికా కాదు, సరైన వెలుతుర్ల కలయికా కాదు.

5. ప్లాస్టిక్ లోకం, రాగి లోకం

బొమ్మ వేసే పని ఇలా సాగుతుంటే, అటువైపు వస్తువుల ఆకారాన్ని లెక్కగట్టి వెలుతురు పడేసే పరిశోధన మొదలైంది. దాని కేంద్రం అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం. హనోయ్‌లో పుట్టిన వియత్నాం యువకుడు బుయ్ తువాంగ్ ఫాంగ్ అక్కడ చదువుకుని, నున్నటి వస్తువు మీద వెలుతురు మెరుపు ఎలా పడుతుందో ఒక చిన్న సూత్రం చెప్పాడు. అది 1975లో అచ్చయింది. ఆ ఏడాదే ఆయన చనిపోయాడు. అప్పటికి ఆయనకు ముప్పైమూడేళ్లు నిండాయో లేదో. దశాబ్దాల పాటు కంప్యూటర్ బొమ్మల మెరుపంతా ఫాంగ్ మెరుపే.

అయితే ఆ మెరుపులో ఒక చిక్కు ఉంది. ఏ వస్తువుకు దాన్ని పూసినా ప్లాస్టిక్ బొమ్మలా కనిపించేది. ఎందుకని? 1981లో కార్నెల్ విశ్వవిద్యాలయంనుంచి కుక్, టోరెన్స్ సమాధానం చెప్పారు. టోరెన్స్ మెకానికల్ ఇంజనీరింగ్ మనిషి. గరుకు తలాలనుంచి వెలుతురు ఎలా తిరిగివస్తుందో 1967లోనే లెక్క కట్టినవాడు. వారి వివరణ సారాంశమిది. ప్లాస్టిక్‌లో రంగు పొడి లోపల ఉంటుంది, పైన రంగులేని జిగురు ఉంటుంది. పైతలం మీదనుంచి తిరిగొచ్చే మెరుపు దీపం రంగులో, అంటే తెల్లగా ఉంటుంది. లోపలికి దిగి వచ్చిన వెలుతురుకు మాత్రమే పొడి రంగు అంటుతుంది. లోహం అలా కాదు. లోహంలోకి వెలుతురు దిగదు. కాబట్టి రాగి చెంబు మెరుపే రాగి రంగులో ఉంటుంది. తెల్లని మెరుపుతో రాగిని గీస్తే అది రాగి రంగు పూసిన ప్లాస్టిక్ అవుతుంది. అంటే మెరుపు రంగు దీపాన్ని బట్టే కాక, వస్తువు దేనితో తయారైందో దాన్ని బట్టి కూడా ఉంటుంది. పదార్థం కంప్యూటర్‌లోకి తిరిగి అడుగుపెట్టింది ఇక్కడ.

ఈ ఆలోచన ఫలితం చిత్రకారుడి చేతికి అందడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. 2012లో డిస్నీ స్టూడియోకు చెందిన బ్రెంట్ బర్లీ ఈ భౌతికశాస్త్రాన్నంతా కళాకారులకు అర్థమయ్యే కొద్ది కొలతలుగా కుదించాడు: మూలరంగు, గరుకుతనం, లోహగుణం వగైరా. 2014లో ఒక ఫ్రెంచి సంస్థ తెచ్చిన 'సబ్‌స్టెన్స్ పెయింటర్' అనే సాఫ్ట్‌వేర్ పేరులోనే పదార్థం ఉంది. అందులో కుంచె పట్టినవాడు వస్తువు మీద రంగొక్కటే పూయడు. ఇక్కడ తుప్పు, ఇక్కడ అరిగిన లోహం, ఇక్కడ తడి, ఇక్కడ దుమ్ము అని పూస్తాడు. మూలరంగులో నీడ కలపకూడదు, మెరుపు కలపకూడదు. వెలుతురు వేరే పొర. దీపం మారిస్తే, మబ్బు పట్టిన ఆకాశం పెడితే, సాయంత్రపు ఎండ పెడితే, అదే పూత మరో రంగులో కనిపిస్తుంది. రంగు మార్చకుండా గరుకుతనం ఒక్కటి తగ్గించినా వస్తువు ముదురుగా, తడిసినట్టు కనిపించవచ్చు. తొలకరికి తడిసిన నేల నల్లబడడం చూసిన మనకు ఇది వింత కాదు. ఆ మట్టి రంగు మారలేదు, వెలుతురు దానిలోకి దిగే తీరు మారింది.

పటిక నీళ్లతో గీసిన కలంకారీ పనివాడు ఇక్కడ గుర్తుకు రావాలి. అతనూ రంగు వేయలేదు. రంగు పుట్టే పరిస్థితిని వేశాడు. అతని దగ్గర ఆ పరిస్థితి రసాయనం. ఇతని దగ్గర కాంతిశాస్త్రం. ఇద్దరి మధ్యా రెండున్నర శతాబ్దాలకు పైగా దూరం ఉంది. ఆలోచన తీరు మాత్రం దగ్గరిది.

6. ఆకుపచ్చ తిరిగి రావడం

ఇక మన మొదటి ప్రశ్నకు వద్దాం. పొడుల కలయికను తెర మీదికి తెచ్చే ప్రయత్నం 1990లలో మొదలైంది. 1991లో వచ్చిన 'పెయింటర్' అనే సాఫ్ట్‌వేర్ నూనెరంగుల, సుద్దల, కాగితపు గరుకుల పోలికను తెచ్చింది. దాన్ని రంగుడబ్బాలో పెట్టి అమ్మేవారు. అది పోలికే తప్ప పదార్థం లెక్క కాదు. 1992లో హాస్, మేయర్ కుబెల్కా, ముంక్ సమీకరణాలను కంప్యూటర్ చిత్రాల్లోకి తెచ్చారు. 1997లో కర్టిస్, ఆయన సహచరులు నీటిరంగు కాగితం మీద పారడం, ఇంకడం, అంచున ముదురు గీతగా పేరుకోవడం లెక్కగట్టి చూపారు. 2004లో బాక్స్టర్, వెండ్ట్, లిన్ నూనెరంగుల చిక్కదనంతో సహా అదే పని చేశారు. అయితే ఇవన్నీ భారీ లెక్కలు. ఉన్న సాఫ్ట్‌వేర్లు మూడు అంకెలతోనే నడుస్తున్నాయి. వాటిని మార్చడానికి ఎవరూ సిద్ధంగా లేరు.

2021లో ప్రేగ్‌లోని చెక్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన షార్కా సోఖరోవా, ఒండ్రేయ్ యమ్రిష్కా ఒక ఉపాయం చెప్పారు. చిత్రకారుడు ఎంచుకున్న మూడంకెల రంగును సాఫ్ట్‌వేర్ లోలోపల నాలుగు అసలు పొడుల పాళ్లుగా విడదీస్తుంది. ఆ పాళ్లను కలుపుతుంది. కలిపినదాన్ని తిరిగి మూడంకెలు చేస్తుంది. అదే ఏడాది చివర 'రెబెల్' అనే చిత్రలేఖన సాఫ్ట్‌వేర్ ఈ పద్ధతిని తీసుకుంది. నీలమూ పసుపూ కలిస్తే తెర మీద ఆకుపచ్చ వచ్చింది. హెల్మ్‌హోల్ట్జ్ వివరణ వచ్చిన 169 ఏళ్లకు, కుబెల్కా, ముంక్ సమీకరణాలు వచ్చిన 90 ఏళ్లకు.

ఆ నాలుగు పొడులు ఏవో కూడా చూడాలి. థాలో నీలం, క్వినాక్రిడోన్ మెజెంటా, హన్సా పసుపు, టైటానియం తెలుపు. నాలుగూ ఇరవయ్యో శతాబ్దపు రసాయన పరిశ్రమ సంతానమే. హన్సా పసుపు 1909లో జర్మనీలో పుట్టింది. థాలో నీలం స్కాట్లండులోని ఒక రంగుల ఫ్యాక్టరీలో 1928లో అనుకోకుండా బయటపడి 1935లో బజారుకు వచ్చింది. కేవలం అంకెలనుకున్న తెర మీది ఆకుపచ్చ వెనక ఈ ఫ్యాక్టరీలు, అక్కడి పనివాళ్లు, వాళ్లు పొడి చేసి ఆరబెట్టిన పదార్థాలు ఉన్నాయి. 'డిజిటల్' అనే మాట వినగానే పదార్థం లేని లోకం అనుకోవడం భావవాదమే అవుతుంది. చిరివేరు ఎరుపును కూడా ఇలాగే కొలిచి సాఫ్ట్‌వేర్‌లో పెట్టడానికి శాస్త్రపరంగా అడ్డేమీ లేదు. ఆ పని మనవాళ్లు పూనుకుని చేయదగ్గది.

7. ఎవరి ఒళ్లు, ఎవరి వెలుతురు?

ఈ చరిత్రలో అసలు పందెం బయటపడేది మనిషి ఒంటి రంగు దగ్గర. ఫోటో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ప్రయోగశాలలకు పంపిన కార్డుల మీద దశాబ్దాల తరబడి ఉన్నది తెల్లజాతి స్త్రీ బొమ్మ. ఆమె చర్మం బాగా వస్తే రంగులు సరిగా ఉన్నట్టు. నల్లని ముఖాలు చీకటి ముద్దలుగా రావడం చాలాకాలం లోపంగా లెక్కకే రాలేదు. అమెరికాలో క్రేయోలా కంపెనీ పిల్లల రంగుపుల్లల్లో 'చర్మం' అనే పేరున్న రంగు పేరును 1962లో 'పీచ్ పండు'గా మార్చింది. అప్పటిదాకా చర్మం అంటే ఒక్క లేత గులాబీ రంగే.

కంప్యూటర్‌లో ఇది మరో రూపం తీసుకుంది. 2001లో జెన్సెన్, మార్ష్నర్, లెవోయ్, హన్రహాన్ వెలుతురు పాలలోకీ చలువరాతిలోకీ చర్మంలోకీ దిగి, లోపల చెదిరి, మరో చోట బయటికి వచ్చే తీరును ఆచరణకు పనికొచ్చే లెక్కగా పెట్టారు. అది గొప్ప పరిశోధన. సినిమాల్లో కంప్యూటర్ మనుషులు మైనపు బొమ్మల్లా కాక జీవంతో కనిపించడానికి అదే కారణం. అయితే ఆ తర్వాత 'చర్మం' అంటేనే ఈ లోపలి చెదురు వెలుతురు అన్నట్టు పరిశోధన సాగింది. 2020లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన థియోడర్ కిమ్ ఈ సంగతి ఎత్తిచూపాడు. ఆ మెత్తటి లోపలి వెలుగు లేత చర్మంలో ప్రధానం. నల్లని చర్మంలో ప్రధానమైనది పైతలపు మెరుపు. ఒకదాన్ని చర్మపు సారంగా, రెండోదాన్ని అదనపు అలంకారంగా చూస్తే, ఎంత కచ్చితమైన సమీకరణమైనా పక్షపాతం చూపుతుంది. సమీకరణంలో తప్పు లేదు. ఏది ముందు అడగాలో నిర్ణయించిన చూపులో ఉంది తప్పు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. బొమ్మలు నేర్చుకునే పిల్లవాడు లేత గులాబీ రంగు తీసి మొహం నింపి, నీడకు నలుపు కలిపి, మెరుపుకు తెలుపు కలిపితే వచ్చేది చామనచాయ మొహం కాదు. కోతల పొలంలో మధ్యాహ్నం ఎండలో చెమట పట్టిన నల్లని భుజం మీద ఆకాశపు నీలం మెరుస్తుంది. అదే భుజం సాయంత్రం పొయ్యి ముందు రాగిలా మెరుస్తుంది. అక్కడ ఆ ఒంటికి ఒక రంగు లేదు, ఎండతోనూ మంటతోనూ పనితోనూ దానికున్న సంబంధాలున్నాయి. ఈ సంబంధాలను చూడలేని చిత్రకారుడు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన గడులను నింపుతాడు. చూడలేని రచయిత 'నల్లటి మనిషి' అని రాసి ఊరుకుంటాడు. రెండూ ఒకే రకపు లోపం.

సాఫ్ట్‌వేర్‌ను తిట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అది వదిలేసినవాటిని తానే తెచ్చుకోగలదని యాభై ఏళ్ల చరిత్ర చూపింది. రాగికీ ప్లాస్టిక్‌కూ తేడా నేర్చుకుంది, నీలమూ పసుపూ కలిస్తే ఆకుపచ్చ అని నేర్చుకుంది. కానీ ప్రతిసారీ అది నేర్చుకున్నది, 'ఇక్కడ ఏదో తప్పుగా కనిపిస్తోంది' అని ఎవరో ఒకరు కంటితో పట్టుకున్నందువల్లే. గోబెలాఁలో నల్లదారం మీద ఫిర్యాదు చేసినవాళ్లు, ప్లాస్టిక్‌లా ఉందన్న పరిశోధకులు, మా మొహాలు రావడం లేదన్న నల్లవాళ్లు, వీళ్లంతా ఆ కోవలోని వాళ్లే.

రచయితలు కూడా చేయవలసింది అదే. తెర మీద గానీ కాగితం మీద గానీ ఒక రంగు పేరు ఎదురైనప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఏ వెలుతురులో? ఇది దేని మీద? ఇది ఎవరి కంటికి? ఈ మూడూ అడిగినప్పుడు పసుపు మళ్లీ దుంప అవుతుంది, నీలి మళ్లీ చెట్టవుతుంది, చాయ మళ్లీ నీడా వెలుతురూ కలిసిన మనిషి ఒళ్లవుతుంది.